ఆయ్ కెప్టెన్

బోటు ముందు చివర నిలబడి సత్తియ్య గడను నీళ్ళలోకి దించాడు. గడకు మూరకొకటి చొప్పున ఎర్ర రంగు పట్టీలు ఉన్నాయి. ఎక్కడిదాకా తడిసిందో చూసి, తల వెనక్కి తిప్పకుండానే, "అయిదూ" అని కేక వేశాడు.

పై కేబిన్‌లో చుక్కాని పట్టుకున్న ఏసుదాసు "ఆయ్" అన్నాడు.

ఆ మాట వినబడిన తర్వాతే సత్తియ్య గడ పైకి తీశాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇద్దరికీ అదే పద్ధతి. కళాసీ లోతు చెబుతాడు. సరంగు ఆయ్ అంటాడు. ఆయ్ వినబడకపోతే కళాసీ మళ్ళీ కేక వేస్తాడు. అప్పటికీ రాకపోతే గడతో బల్ల మీద రెండుసార్లు కొడతాడు, అప్పుడు బోటు ఆపాలి. బోట్లు మారాయి, ఇంజన్లు మారాయి, యజమానులు మారారు. ఇది మాత్రం మారలేదు.

దిండి రేవు నుంచి సఖినేటిపల్లి రేవు దాకా వెళ్ళి తిరిగి రావడానికి రెండున్నర గంటలు. చించినాడ వంతెన దాటాక ఎడమ పక్కన లంక ఉంది. మొన్న వరద తీశాక ఆ లంక కింద కొత్తగా ఇసుక మేట వేసింది. పైకి కనబడదు. అక్కడ నీళ్ళ రంగు కొంచెం పాలు కలిపినట్టు ఉంటుంది, అలలు చిన్నవిగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. ఏసుదాసు చూపు అక్కడే ఉంది. లోతు నాలుగు మూరలుంటే బోటు నడుస్తుంది. మూడున్నర అయితే వేగం తగ్గించాలి. మూడైతే నేల తగులుతుంది.

అతని ఒంటి మీద తెల్ల చొక్కా. భుజాల మీద నల్ల గుడ్డ, దాని మీద పసుపుపచ్చ చారలు. టోపీ పెద్దదైంది, లోపల న్యూస్ పేపరు మడిచి పెట్టుకున్నాడు. ఇవన్నీ దసరా నుంచి వచ్చాయి. మేనేజరు గోపీకృష్ణ టిక్కెట్టు వెనక "కెప్టెన్‌ను కలవండి" అని అచ్చు వేయించాడు. కేబిన్ తలుపు మీద "ప్రయాణికులకు ప్రవేశం లేదు" అన్న పాత బోర్డు ఉండేది. దాని మీద చుక్కాని పట్టుకుని నవ్వుతున్న తెల్లదొర బొమ్మ ఒకటి అతికించాడు.

"ఈ బ్యాచ్‌లో నలుగురండి పెదనాన్నగారూ," అంటూ శారోన్ తలుపు తీసింది. బోటులో మైకు పట్టుకుని మాట్లాడేది ఆ పిల్లే. డిగ్రీ అయింది. ఏసుదాసు ఉండే పేటలోనే వాళ్ళ ఇల్లు.

"మేట దాటేదాకా ఆగమను శారోన్."

"ముందే డబ్బులు కట్టేసేరండి. గోపీకృష్ణగారు తిడతారు."

నలుగురూ లోపలికి వచ్చేశారు. హైదరాబాదు కుర్రాళ్ళు. ముందున్న పూలచొక్కా అతని పేరు వెంకటసాయి అని శారోన్ చెప్పింది. అతని చేతిలో కర్రకు బిగించిన ఫోను ఉంది. దాన్ని ఏసుదాసు చెంప పక్కకు తెచ్చాడు.

"నమస్తే కెప్టెన్! ఎన్నేళ్ళ సర్వీసు?"

"ముప్పయ్యొకటండి."

"నాలుగూ," కింద నుంచి సత్తియ్య.

"ఆయ్."

వెంకటసాయి వెనక్కి తిరిగి స్నేహితులను చూశాడు. "విన్నార్రా? ఆయ్ అంటున్నాడు. ఇంగ్లీషు సినిమాల్లో ఓడలోళ్ళు అనేది ఇదే కదా, ఆయ్ ఆయ్ కెప్టెన్!"

వాళ్ళు నవ్వారు. ఏసుదాసు చక్రాన్ని నాలుగు వేళ్ళ వెడల్పు కుడికి తిప్పి ఆపాడు. నీళ్ళు పాలరంగుకు తిరుగుతున్నాయి.

"సార్, చలికాలం పొద్దున్నే నీళ్ళ మీదికి రావాలంటే లోపల కొంచెం వెచ్చగా ఏదో ఒకటి పడాలి కదా?"

"మూడున్నరా."

"ఆయ్." ఏసుదాసు ఇంజను వేగం తగ్గించాడు.

"ఓహో! ఒకటా, రెండా?"

"మూడున్నరా."

"ఆయ్."

"రెండూనా! మరి ఇంతమందిని మోసుకెళ్తున్నారు, అంతా దేవుడి మీద భారమేనా?"

"నాలుగూ."

"ఆయ్."

నవ్వుకు కేబిన్ దద్దరిల్లింది. శారోన్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెకు సత్తియ్య కేకలు వినబడుతూనే ఉన్నాయి. అందుకే ఆమెకు మరీ నవ్వొచ్చింది.

"అయిదూ," అన్నాడు సత్తియ్య. ఏసుదాసు ఆయ్ అని, ఊపిరి వదిలి, అప్పుడు వాళ్ళ వైపు తిరిగాడు. "ఏదో అడుగుతున్నారండి? ఏవనుకోకండి, మేట దాటతన్నాం, వినలేదు."

అప్పటికి వెంకటసాయి ఫోను కిందికి దించేశాడు. "ఏం లేదు కెప్టెన్, అయిపోయింది. మీరు సూపర్."

వాళ్ళు వంతులవారీగా అతని టోపీ పెట్టుకుని ఫొటోలు తీసుకున్నారు. వెళ్ళాక టోపీలో న్యూస్ పేపరు లేదు. నేల మీద పడి ఉంది. దాన్ని మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు.

సోమవారం రాజోలులో బస్సు దిగి టీ తాగడానికి ఆగాడు. ఆటో స్టాండులో ఇద్దరు అతన్ని చూసి ఒకరినొకరు పొడుచుకున్నారు.

"సరంగుగారూ, ఒకటాండి, రెండాండి?"

"టీ ఒకటేనండి," అన్నాడు ఏసుదాసు.

స్టాండంతా నవ్వింది. టీ కొట్టతను జాలిపడి తన ఫోను ఇచ్చాడు. ఏసుదాసు గ్లాసు బల్ల మీద పెట్టి రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు. తన ముఖమే. రెప్ప వేయకుండా ఎటో చూస్తోంది. అడిగినవాడి వైపు తిరగడం లేదు. వెనక ఏదో డప్పు పాట పెట్టారు. ఒకటా రెండా అని అడుగుతున్నారు. తన పెదాలు కదిలి ఆయ్ అంటున్నాయి. కింద ఎర్రటి అక్షరాలతో "ఎనభై మంది ప్రాణాలు ఈ ఆయ్ కెప్టెన్ చేతిలో" అని ఉంది.

చివరిదాకా చూసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. రెండోసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఏవండీ, ఏం వెతుకుతున్నారు?" అన్నాడు టీ కొట్టతను.

"సత్తియ్య మాట లేదండి ఇందులో," అన్నాడు ఏసుదాసు.

ఆ సాయంత్రం ఇంట్లో అతని భార్య ఎలీసమ్మ చేపలు తోముతూ అంతా వింది. ఆమె అప్పటికే చూసింది. పేటంతా చూసింది.

"ఎదటోడు ఏవడుగుతున్నాడో వినకుండా ఆయ్ అంటారేంటండీ?"

"నేను ఆయన్తో అన్లేదే. సత్తియ్యతో అన్నాను."

"నాకు తెలుసు. ఈ ముప్పయ్యేళ్ళలో మీ దగ్గర ఆ వాసన ఒక్కనాడు ఎరగను. కానీ ఆ ఫోనుకి తెలవాలి కదా." బూడిద చేతితో నుదురు తుడుచుకుంది. "గోపీకృష్ణగారున్నారు, శారోన్ ఉంది. ఆఫీసోళ్ళు పిలిస్తే మీరు నెమ్మదిగా చెప్పండి. అడ్డమైనదానికీ ఆయ్ ఆయ్ అనకుండా చెప్పండి."

"ఆయ్," అన్నాడు ఏసుదాసు.

ఎలీసమ్మ చేప పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసింది.

గురువారం అమలాపురంలో విచారణ. పడవల లైసెన్సులు చూసే అధికారి ఈ ప్రాంతపు మనిషి కాదు. మర్యాదగానే కూర్చోమన్నాడు. ఏసుదాసు కుర్చీ అంచున కూర్చుని, లైసెన్సు ఉన్న ప్లాస్టిక్ కవరు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గోపీకృష్ణ, శారోన్ గోడ పక్క కుర్చీల్లో ఉన్నారు. మూలన ఒక గుమాస్తా రాసుకుంటున్నాడు. ఆయన ముంగండ మనిషి.

"బోటు సిబ్బందిలో సత్తియ్య అనే ఆయన రాలేదా?" అన్నాడు అధికారి.

"డ్యూటీలో ఉన్నాడు సార్," అన్నాడు గోపీకృష్ణ.

గురువారం బోటుకు ట్రిప్పు లేదు. బోటు కడిగే రోజు. ఏసుదాసు గోపీకృష్ణ వైపు చూశాడు. గోపీకృష్ణ తన బూట్ల తాళ్ళు చూసుకుంటున్నాడు.

అధికారి ఫోనులో వీడియో పెట్టి బల్ల మీద వాళ్ళ మధ్య ఉంచాడు. పాట గది నిండా మోగింది. అయిపోయాక, "చూడండి ఏసుదాసుగారూ. మీ మీద ఇంతకుముందు ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు. అది నేను చూశాను," అన్నాడు.

"ఆయ్."

"కానీ ఇది చిన్న విషయం కాదు."

"ఆయ్."

"చుక్కాని పట్టుకునే మనిషి తాగి ఎక్కితే ఏమవుతుందో మీకు తెలుసు."

"ఆయ్."

గుమాస్తా కలం గీరుతున్న చప్పుడు వినబడింది. ఏసుదాసు ఉలిక్కిపడి అటు తిరిగాడు. "ఏం రాస్తన్నారండి? అది నేను... వింటన్నాను అని అన్నానండి. తాగేనని కాదండి."

"ఆగండి," అన్నాడు అధికారి. గుమాస్తాను అడిగాడు. "మీరు ఇక్కడివారే కదా. ఆయ్ అంటే ఏంటి? అవుననా, కాదనా?"

గుమాస్తా లేచి నిలబడ్డాడు. "ఆయ్, అవుననేనండి."

గోపీకృష్ణ పెదవి కొరుక్కున్నాడు. అధికారికి కూడా నవ్వు వచ్చినట్టుంది, నీళ్ళ గ్లాసు తీసుకుని తాగాడు.

"నేను ఆ బాబుతో అన్లేదండి," అన్నాడు ఏసుదాసు. మాట తొందరపడింది. "కింద కళాసీ లోతు చెప్తాడండి. మూడున్నరా అంటాడు. నేను ఆయ్ అనాలి. అనకపోతే గడ తియ్యడు. అక్కడ మేటండి. ఆ బాబు ఏవడిగేడో నాకు ఎక్కలేదు."

"లోతు చెప్పేది వీడియోలో ఎక్కడా లేదే."

"పాట ఎట్టేసేరండి మీద."

"సరే. ఇసుక మేట దాటుతుంటే ప్రయాణికులు కేబిన్‌లో ఎందుకున్నారు? అది అసలు మొదటి తప్పు." అధికారి గోపీకృష్ణ వైపు తిరిగాడు. "కంపెనీ పంపించిందా?"

దెబ్బ అక్కడ, కంపెనీకి తగిలిందని ఏసుదాసుకు ఆ క్షణంలోనే తెలిసింది. గోపీకృష్ణ కూర్చున్నచోటే సర్దుకున్నాడు.

"లేదు సార్. తలుపు మీద బోర్డు కూడా ఉంది. ఏసుదాసుకి కొంచెం మాటల సరదా సార్. పదిమందిని పోగేసుకుని కబుర్లు చెప్తాడు. పెద్దోడు కదా అని మేం ఊరుకున్నాం."

ఏసుదాసు అతని వైపు తిరిగాడు. తనకన్నా పాతికేళ్ళు చిన్నవాడు. ప్రతి ఉదయం రేవులో "ఏసుదాసూ, కొంచెం నవ్వు, కొంచెం మాట్లాడు, మొద్దులా నిలబడకు" అని చెప్పినవాడు.

"ఆ అమ్మాయి?" అన్నాడు అధికారి. "మీరు అప్పుడు అక్కడే ఉన్నారా?"

శారోన్ లేచింది. ఆకుపచ్చ చున్నీ కొసను వేలికి చుట్టింది, విప్పింది. ఏసుదాసు ఆమెవైపే చూస్తున్నాడు. ఈ పిల్లకు బాప్తిస్మం ఇచ్చిన రోజున తొట్టికి నీళ్ళు మోసింది అతనే. ఈ ఉద్యోగానికి గోపీకృష్ణతో మాట చెప్పింది కూడా అతనే.

"నేను కింద టీలు ఇస్తున్నానండి," అంది శారోన్. "వినలేదండి."

బయటికి వచ్చేటప్పుడు ఏసుదాసు చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంది, అందులో లైసెన్సు లేదు. ఆరు నెలలు. ఆ తర్వాత కంపెనీ మంచివాడని ఉత్తరం ఇస్తే తిరిగి ఇస్తారు. లేకపోతే అంతే. శారోన్ మెట్ల దగ్గర ఆగి ఏదో అనబోయింది. గోపీకృష్ణ కారు హారన్ కొట్టాడు. ఆమె పరుగెత్తింది. కారులో ఇంకా చోటుంది. ఏసుదాసు బస్సు ఎక్కాడు.

ఆదివారం చర్చిలో ఆరాధనకు ముందు పాస్టరు దేవదానం అయ్యగారు అతన్ని వెనక గదిలోకి పిలిచారు. ప్రభువు బల్ల ఉన్న ఆదివారాల్లో ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వరసల వెంట నడిచేది ఏసుదాసే. ఉతికిన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు.

"నాకు తెలుసు ఏసుదాసుగారూ, మీ మీద నాకు అనుమానం లేదు," అన్నారు అయ్యగారు. "కానీ పిల్లలు నవ్వుతారు. గిన్నె మీ చేతిలో చూసి నవ్వుతారు. కొన్నాళ్ళు..."

ఈసారి ఏసుదాసు ఆయ్ అనలేదు. తల ఊపాడు. ఎలీసమ్మ పక్కన కాకుండా చివరి వరసలో, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. గిన్నె వేరే చేతిలో తన దాకా వచ్చినప్పుడు, ముందు వరసలో ఒక ఆడపిల్ల వెనక్కి తిరిగి చూసి కిసుక్కుమంది.

ఆ మధ్యాహ్నమే గోపీకృష్ణ ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండా నిలబడి, తానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కోపం ఉంటుంది. నాకు తెలుసు. కానీ నేను అలా అనకపోతే బోటే ఆపేసేవాళ్ళు. నీతోపాటు అందరి నోట్లో మట్టే. సత్తియ్యకి ఎవడు పనిస్తాడు?"

ఎలీసమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. లోపలికి వెళ్ళిపోయింది.

"నీకో మంచి మాట చెబుదామని వచ్చాను. శని, ఆదివారాలు మొత్తం నిండిపోయాయి. ఫోన్ చేసిన ప్రతివాడూ ఆయ్ కెప్టెన్ ఉంటాడా అని అడుగుతున్నాడు. నువ్వు రా."

ఏసుదాసు తల ఎత్తాడు. "సుక్కానుకాండి?"

"సుక్కాను కొండబాబు పడతాడు. కాకినాడ నుంచి తెచ్చాం, కాగితం ఉంది. నువ్వు పై డెక్కు మీద నిలబడాలి. కొత్త డ్రెస్సు కుట్టిస్తున్నాను, ఈసారి బంగారు చారలు. ఫొటోలు దిగాలి. అడిగినప్పుడు ఆయ్ అనాలి. అంతే."

"వద్దండి," అంది ఎలీసమ్మ లోపల నుంచి.

గోపీకృష్ణ గొంతు తగ్గించాడు. "ఆరు నెలల తర్వాత ఉత్తరం ఇవ్వాల్సింది నేనే కదా ఏసుదాసూ. బోటులో మనిషి బుద్ధిగా ఉన్నాడని రాయాలంటే నువ్వు బోటులో ఉండాలి కదా."

అతను వెళ్ళాక ఎలీసమ్మ తాగని నీళ్ళ గ్లాసు తీసి పెరట్లో పారబోసింది. "కోతిని చేసి ఆడిస్తారు మిమ్మల్ని."

"ఆ కొండబాబు సముద్రం బోటు మీద చేసినోడు," అన్నాడు ఏసుదాసు. "ఆయనకి మేట తెలవదు ఎలీసమ్మా. కొత్త మేట అది. నేను పైన ఉంటే చెప్తాను."

"అడిగితే కదండీ చెప్పడానికి."

శనివారం నాటికి డ్రెస్సు సిద్ధమైంది. టోపీ ఈసారి సరిగ్గా సరిపోయింది. రేవులో దిగే బల్ల పక్కన అతని నిలువెత్తు బొమ్మ పెట్టారు. పక్కన "ఆయ్ కెప్టెన్" అని రాసి ఉంది. సత్తియ్య ఆ బొమ్మ ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత గడ భుజాన వేసుకుని, ఏసుదాసును దాటుకుంటూ, "వస్తన్నానండి సరంగుగారూ," అన్నాడు. ఆ రోజు అతన్ని సరంగుగారూ అని పిలిచినవాడు సత్తియ్య ఒక్కడే.

ఎనభై నాలుగు మంది ఎక్కారు. రేవు వదిలేదాకా ఏసుదాసు ఫొటోలు దిగాడు. చంటిపిల్లను అతని చేతికిచ్చారు. ముసలాయన ఒకరు భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ ఎన్ని వేశావు?" అని చెవిలో అడిగాడు. శారోన్ మైకులో "మీకందరికీ ఇష్టమైన ఆయ్ కెప్టెన్!" అని చెప్పి, మైకు అతని నోటి ముందు పెట్టింది. ముఖం మాత్రం అటు తిప్పుకుంది.

"ఆయ్," అన్నాడు.

ఈలలు వేశారు. మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అన్నాడు.

బోటు చించినాడ వంతెన దాటింది. పై డెక్కు నుంచి చూస్తే, కింద కేబిన్ తలుపు తీసే ఉంది. కొండబాబు ఒక చేత్తో చక్రం పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో మాట్లాడుతున్నాడు. పైన స్పీకరు పెట్టెల్లో పాటలు మోగుతున్నాయి.

"అయిదూ," అన్నాడు సత్తియ్య.

జవాబు లేదు.

"అయిదూ."

జవాబు లేదు. ఏసుదాసు రెయిలింగు పట్టుకుని ముందుకు వంగాడు. పాలరంగు నీళ్ళు ఎడమ నుంచి దగ్గరికి వస్తున్నాయి. బోటు నేరుగా అటే పోతోంది.

"నాలుగూ!" సత్తియ్య తల వెనక్కి తిప్పాడు. కేబిన్ వైపు చూశాడు. తర్వాత పైకి, ఏసుదాసు వైపు చూశాడు.

"ఆయ్!" అని అరిచాడు ఏసుదాసు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మూడున్నరా!"

"ఆయ్! కొండబాబూ, కుడికి కొట్టండి! ఇంజను తగ్గించండి!"

"కుడికి కొట్టండీ!" అని నలుగురైదుగురు వంత పాడారు. "ఇంజను తగ్గించండీ!" ఒకామె ఫోను ఎత్తి తీస్తోంది. ఏసుదాసు మెట్ల వైపు పరుగెత్తాడు. మెట్ల మీద వరుసగా పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ళు టోపీ అందుకోవడానికి చేతులు చాపారు. గోపీకృష్ణ ఎదురొచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. "ఎక్కడికి? నీ చోటు పైన."

గడ బల్ల మీద రెండుసార్లు మోగింది. పాటలో కలిసిపోయింది.

బోటు గట్టిగా తగల్లేదు. ఎవరో కింద నుంచి మెత్తగా పట్టుకున్నట్టు నెమ్మదించి, కొంచెం ఎడమకు ఒరిగి, నిలిచిపోయింది. టీ కప్పులు జారాయి. ఒక పిల్ల ఏడ్చింది. కొండబాబు ఇంజను గట్టిగా వెనక్కి తిప్పాడు. నీళ్ళు బురద రంగుకు తిరిగాయి, అంతే.

"పోటు వచ్చేదాకా కదలదండి," అన్నాడు సత్తియ్య ఎవరికీ కాకుండా.

మొదటి గంట నవ్వుకున్నారు. రెండో గంటకు మంచినీళ్ళు అయిపోయాయి. ఎండ పై డెక్కు మీదికి వచ్చింది. భీమవరంలో పెళ్ళికి అందుకోవాలని ఒకాయన గోపీకృష్ణ చొక్కా పట్టుకున్నాడు. గోపీకృష్ణ చొక్కా విడిపించుకుంటూ ఏదో చెప్పాడు, చేత్తో పైకి చూపించాడు. ఏం చెప్పాడో ఏసుదాసుకు వినబడలేదు. అందరూ తలలెత్తి తనను చూడడం కనబడింది. కొండబాబు లుంగీ, బనీనుతో కేబిన్ మూల కూర్చుని ఉన్నాడు. బంగారు చారలు తన భుజాల మీద ఉన్నాయి.

చుట్టూ చేరారు. ఇప్పుడు ఎవరూ భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

"వీడియోలో చూసే అనుకున్నాం."

"తాగుబోతుకి బోటిచ్చి..."

"చిన్నపిల్లలున్నారు, సిగ్గులేదా?"

ఇందాక ఫొటోలు తీసినామె ఫోను అతని ముఖానికి తెచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టుంది. "చెప్పండి. బోటును ఇసుకలోకి ఎక్కించింది మీరే కదా?"

ఏసుదాసు పెదాలు బిగించుకున్నాడు. ఈ పన్నెండు రోజుల్లో ఒకటి నేర్చుకున్నాడు. ఫోను ముందు ఆ మాట అనకూడదు. ఎంతసేపైనా సరే. శారోన్ ఆమె పక్కనే మైకు పట్టుకుని ఉంది. ఆ పిల్లకు తెలుసు. మెట్ల దగ్గర గోపీకృష్ణ అతన్ని ఆపడం ఆమె చూసింది. అతను ఆమె వైపు చూశాడు. శారోన్ మైకు స్విచ్చి మీద బొటనవేలు పెట్టింది, తీసింది, నేల చూసింది.

"మీరే కదా?" అంది ఫోను ఎత్తినామె మళ్ళీ.

అప్పుడు బోటు కింద సన్నగా కదలిక. పోటు మొదలైంది. సత్తియ్య లేచి, గడ దించాడు.

"మూడూ," అన్నాడు.

కేబిన్‌లో నుంచి జవాబు లేదు. కొండబాబు లేచి ఇంజను దగ్గర చెయ్యి పెట్టాడు. ఇప్పుడే తిప్పితే బోటు ఇంకా లోపలికి తవ్వుకుపోతుంది.

"మూడూ." సత్తియ్య గడ తీయలేదు. వంగినవాడు వంగినట్టే ఉండి, మెడ తిప్పి పైకి చూశాడు. తెల్లబడిన కనుబొమ్మల మీద చెమట. ఎండకు కళ్ళు చికిలించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కేక ఒక్కసారి కూడా జవాబు లేకుండా నీళ్ళలో పడలేదు. ఇవాళ పొద్దున్నే రెండుసార్లు పడింది.

"అడుగుతుంటే పలకరేంటి? మీరేనా ఎక్కించింది?"

ఫోను మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. ఏసుదాసు దాన్ని చూశాడు. దాని పక్కనుంచి కిందికి, సత్తియ్యను చూశాడు.

"ఆయ్," అన్నాడు.

సత్తియ్య గడ పైకి తీశాడు. కొండబాబు ఇంజను మీంచి చెయ్యి తీశాడు. ఫోను పట్టుకున్నామె, "చూశారా, ఒప్పుకున్నాడు," అని చుట్టూ అందరికీ చెప్పింది. గోపీకృష్ణ శారోన్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "మా కెప్టెన్‌గారు తప్పు ఒప్పుకున్నారండి. పెద్దమనసుతో క్షమించండి. ఇంకో అరగంటలో బయల్దేరిపోతాం." తర్వాత మైకు పక్కకు పెట్టి, ఏసుదాసు దగ్గరగా వచ్చి, "మంచి పని చేశావు," అన్నాడు. ఉత్తరం మాట ఎత్తలేదు. ఏసుదాసు కూడా అడగలేదు.

కోపం చల్లారింది. ఒప్పుకున్న మనిషిని ఇంకేమంటారు. ఎవరో బిస్కెట్లు పంచారు. పాటలు మళ్ళీ పెట్టారు, సన్నగా.

"మూడున్నరా," అన్నాడు సత్తియ్య.

ఏసుదాసు నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒక పిల్ల "ఆయ్!" అని అరిచింది. అందరూ నవ్వారు. బోటు ఒరిగిన పక్క నుంచి లేచి తిన్నగా అయింది. చప్పట్లు కొట్టారు. సత్తియ్య పైకి చూశాడు. ఏసుదాసు చేత్తో సైగ చేశాడు, ఆగమని, ఇంకా కాదని. సత్తియ్య ఆగాడు. గడ మళ్ళీ దించాడు. తడిసిన పట్టీ చూసి, అలవాటు కొద్దీ కేక వేశాడు.

"నాలుగూ."

"ఆయ్!" అన్నారు ఎనభై నాలుగు మందీ ఒక్కసారి.

సత్తియ్య గడను నీళ్ళలోంచి తీసి, నీరు కారేదాకా పట్టుకుని, బల్ల మీద పొడుగ్గా పడుకోబెట్టాడు.